ఒంటికి రోల్‌బ్యాక్ ఉండదు

ఒజెంపిక్ పేరు వినని వాళ్లు మన క్యాంపస్‌లో తక్కువే ఉంటారు. ఏ హీరోయిన్ కొంచెం సన్నబడినా, ఏ హాలీవుడ్ నటుడి బుగ్గలు లోపలికి పోయినా ముందు వినపడే మాట అదే. ఆ సూది ఎవరు వేసుకుంటున్నారా అని మనకి బోలెడు ఆసక్తి. దాని బిల్లు ఎవరు కడుతున్నారో మాత్రం ఎవరూ అడగరు. అమెరికాలో ఆ బిల్లులో పెద్ద భాగం పడేది ఉద్యోగం ఇచ్చిన కంపెనీల మీద. ఆ కంపెనీల హెచ్‌ఆర్ వాళ్లకి నిద్ర లేకుండా చేస్తున్న ఖర్చుల్లో ఇదొకటి. మొత్తం ఇవ్వలేరు, మొత్తం ఆపలేరు. అందుకని చాలామంది ఒక మధ్యదారి పట్టుకున్నారు. దాని పేరు పైలట్ ప్రోగ్రాం.

పైలట్ అనే మాట మనకి కొత్త కాదు. కొత్త ఫీచర్‌ని అందరికీ ఒకేసారి ఇవ్వకుండా వందలో ఐదుగురికి ఇచ్చి చూస్తాం. బాగుంటే అందరికీ ఇస్తాం, బాగోకపోతే వెనక్కి తీసేస్తాం. సాఫ్ట్‌వేర్‌లో ఇది మంచి అలవాటు. కానీ ఇదే పద్ధతిని మనుషుల ఒంట్లోకి వెళ్లే మందుకి వాడేటప్పుడు కొన్ని విషయాలు మారిపోతాయి. కంపెనీలు పైలట్లు పెట్టడం తప్పని నేను అనడం లేదు. ఇప్పుడు పెడుతున్న తీరులో చాలా పైలట్లు ఏ ప్రశ్నకీ జవాబు చెప్పలేవు, పైగా అందులో చేరిన మనిషిని మధ్యలో వదిలేస్తాయి అన్నది నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

మందు సంగతి కొంచెం

ఇవి జీఎల్‌పీ-1 అనే రకం మందులు. భోజనం చేశాక మన పేగుల్లో విడుదలయ్యే ఒక హార్మోన్‌ని పోలి ఉంటాయి. కడుపు నిండిందన్న సంకేతాన్ని మెదడుకి బలంగా పంపిస్తాయి. డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్ తయారుచేసే సెమాగ్లూటైడ్‌ని షుగర్ కోసం ఇస్తే ఒజెంపిక్ అంటారు, బరువు కోసం ఇస్తే వెగోవీ అంటారు. ఒజెంపిక్‌కి అమెరికాలో 2017లో అనుమతి వచ్చింది, వెగోవీకి 2021లో. అమెరికా కంపెనీ ఎలీ లిలీ చేసే టిర్జెపటైడ్ ఇంకో హార్మోన్ పని కూడా కలిపి చేస్తుంది. దాని పేర్లు మౌంజారో, జెప్‌బౌండ్.

ఇవి నిజంగానే పనిచేస్తాయి. 1,961 మంది మీద చేసిన పరీక్షలో 68 వారాలకి సెమాగ్లూటైడ్ తీసుకున్న వాళ్లు సగటున 14.9 శాతం బరువు తగ్గారు. ఉత్తుత్తి సూది వేయించుకున్న వాళ్లు 2.4 శాతం తగ్గారు. రెండు గుంపులకీ తిండి, వ్యాయామం సలహాలు ఒకేలా ఇచ్చారు. తేడా మందుదే. "నోరు కట్టుకుంటే చాలు కదా, సూది ఎందుకు" అనే వాళ్లకి ఈ రెండు అంకెలే జవాబు.

బిల్లు సంగతి ఎక్కువ

వెగోవీకి అమెరికాలో కంపెనీ ప్రకటించిన ధర చాలాకాలం నెలకి 1,349 డాలర్లు. మన రూపాయల్లో లక్ష దాటుతుంది. రిబేట్లు పోగా ఇన్సూరెన్స్‌కి పడేది ఇంతకంటే తక్కువే, అయినా తక్కువ డబ్బేం కాదు.

ఇక్కడ మనకి సరిగ్గా తెలియని ఒక విషయం ఉంది. అమెరికాలో ఉద్యోగికి ఇచ్చే హెల్త్ కార్డు మీద ఏదో ఇన్సూరెన్స్ కంపెనీ పేరు ఉంటుంది కానీ, చాలాసార్లు ఆ డబ్బు ఇన్సూరెన్స్ కంపెనీది కాదు. ఉద్యోగం ఇచ్చిన కంపెనీ తన జేబులోంచే క్లెయిములు కడుతుంది. ఇన్సూరెన్స్ కంపెనీ కాగితాల పని చూసిపెడుతుంది, అంతే. దీన్ని సెల్ఫ్ ఇన్సూర్డ్ ప్లాన్ అంటారు. కేఎఫ్‌ఎఫ్ అనే సంస్థ 2024 సర్వే ప్రకారం కంపెనీ ఇన్సూరెన్స్ ఉన్న ఉద్యోగుల్లో 63 శాతం మంది ఇలాంటి ప్లాన్లలోనే ఉన్నారు. అంటే ఏ మందు కవర్ చేయాలో, ఎవరికి చేయాలో చివరికి తేల్చేది ఆ కంపెనీయే.

ఒక లెక్క వేద్దాం. పదివేల మంది ఉన్న కంపెనీ అనుకోండి. అందులో 500 మంది ఈ మందు తీసుకున్నారు, రిబేట్లు పోగా నెలకి 700 డాలర్లు పడింది అనుకుందాం. సంవత్సరానికి 42 లక్షల డాలర్లు. పదివేల మంది మీద పంచితే తలకి 420 డాలర్లు. అదే సర్వే 2025లో చెప్పిన సగటు ప్రీమియం ఒక మనిషికి 9,325 డాలర్లు. అంటే ఉద్యోగుల్లో ఐదు శాతం మంది వాడే ఒక్క మందు వల్ల అందరి ఖర్చూ నాలుగున్నర శాతం పెరుగుతుంది. ఆ పెరుగుదలలో కొంత ఉద్యోగుల జీతంలోంచే పోతుంది. సూది వేసుకోని వాళ్ల జీతంలోంచి కూడా.

ఇవి ఊహ అంకెలు. నిజంగా జరిగింది నార్త్ కరోలినాలో చూడొచ్చు. అక్కడ టీచర్లు, ప్రభుత్వ ఉద్యోగులు, రిటైరైన వాళ్లు, వాళ్ల కుటుంబాలు కలిపి దాదాపు ఏడున్నర లక్షల మందికి రాష్ట్ర హెల్త్ ప్లాన్ ఉంది. బరువు తగ్గే మందుల ఖర్చు 2023లో పది కోట్ల డాలర్ల దగ్గరికి చేరింది. మొత్తం మందుల ఖర్చులో అది దాదాపు పదో వంతు. 2024 ఏప్రిల్ 1 నుంచి బరువు కోసం ఈ మందులు ఇవ్వడం ఆపేశారు. టెక్సస్ యూనివర్సిటీ సిస్టమ్ అంతకుముందే, 2023 సెప్టెంబర్‌లో ఆపేసింది. ఇంకోవైపు ఐదు వేల మంది పైన ఉన్న పెద్ద కంపెనీల్లో బరువు కోసం ఈ మందులు కవర్ చేసేవి 2024లో 28 శాతం ఉంటే 2025లో 43 శాతం అయ్యాయి. మంచి ఉద్యోగులు వెళ్లిపోతారన్న భయం ఒకవైపు, బిల్లు భయం ఒకవైపు. పైలట్ పుట్టేది ఈ రెండు భయాల మధ్యే.

మామూలుగా ఈ పైలట్ ఎలా ఉంటుందంటే, బీఎంఐ ఇంత దాటితేనే అంటారు. ఒక యాప్‌లో చేరి తిండి, నడక నమోదు చేయాలంటారు. ఫలానా డాక్టర్ల దగ్గరే రాయించుకోవాలంటారు. ఒక సంవత్సరం చూస్తాం అంటారు. సంవత్సరం చివర చేరినవాళ్ల బరువు ఎంత తగ్గింది, వాళ్ల మీద ఆస్పత్రి ఖర్చు ఎంత తగ్గింది అని ఒక స్లైడ్ తయారవుతుంది.

ఆ స్లైడ్‌ని ఎందుకు నమ్మకూడదు

మొదటి మిడ్‌లో బాగా తక్కువ మార్కులు వచ్చిన ఇరవై మందిని తీసి వాళ్లకి స్పెషల్ క్లాసులు పెట్టారనుకోండి. రెండో మిడ్‌లో వాళ్ల సగటు పెరుగుతుంది. క్లాసులు పెట్టకపోయినా కొంత పెరిగేది. ఎందుకంటే ఆ ఇరవై మందిలో కొందరికి ఆ రోజు జ్వరం, కొందరికి చదవని యూనిట్ వచ్చింది. దురదృష్టం రెండోసారి అంతే గట్టిగా రాదు. స్టాటిస్టిక్స్ సబ్జెక్టులో దీన్ని రిగ్రెషన్ టు ది మీన్ అని చదివాం, పరీక్ష రాశాం, మర్చిపోయాం.

వైద్యంలో దీనికి ఒక గట్టి ఉదాహరణ ఉంది. అమెరికాలో కామ్డెన్ అనే ఊళ్లో, పదేపదే ఆస్పత్రిలో చేరే రోగుల్ని ఎంచుకుని నర్సులు, సామాజిక కార్యకర్తలు ఇంటికి వెళ్లి చూసుకునే పథకం పెట్టారు. చేరకముందు, చేరిన తర్వాత అని చూస్తే ఆస్పత్రి చేరికలు బాగా పడిపోయాయి. దేశమంతా మెచ్చుకున్నారు. తర్వాత 800 మందిని లాటరీ వేసి రెండు గుంపులు చేసి చూశారు. ఆరు నెలల్లో మళ్లీ ఆస్పత్రిలో చేరినవాళ్లు పథకం ఉన్న గుంపులో 62.3 శాతం, లేని గుంపులో 61.7 శాతం. పథకం లేకపోయినా అంతే తగ్గేది అన్నమాట. ఆ ఫలితం 2020లో వచ్చింది.

రెండో గొడవ, ఎవరు చేరతారు అన్నది. ఇలినాయ్ యూనివర్సిటీలో దాదాపు ఐదు వేల మంది ఉద్యోగుల మీద ఒక వెల్‌నెస్ ప్రోగ్రాం పెట్టి లాటరీతో పరీక్షించారు. ప్రోగ్రాంలో చురుగ్గా పాల్గొన్నవాళ్లని పాల్గొననివాళ్లతో పోలిస్తే అద్భుతమైన తేడా. వైద్య ఖర్చు తక్కువ, జిమ్‌కి వెళ్లడం ఎక్కువ. కానీ లాటరీలో అవకాశం వచ్చిన మొత్తం గుంపుని, రాని మొత్తం గుంపుతో పోలిస్తే ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆరోగ్యం మీద ముందునుంచీ శ్రద్ధ ఉన్నవాళ్లే ప్రోగ్రాంలో చేరారు, అదీ అసలు కథ. బీజేస్ అనే అమెరికన్ దుకాణాల సంస్థలో దాదాపు 33 వేల మంది ఉద్యోగుల మీద చేసిన ఇలాంటి పరీక్షలోనూ ఏడాదిన్నర తర్వాత బీపీ, కొలెస్ట్రాల్, వైద్య ఖర్చు, సెలవులు దేంట్లోనూ గుర్తించదగ్గ మార్పు రాలేదు.

సూది విషయంలో బరువు తగ్గుతుందని మనకి ముందే తెలుసు. దానికి పైలట్ అక్కర్లేదు, పెద్ద పెద్ద పరీక్షలు అయిపోయాయి. కంపెనీ తెలుసుకోవాల్సింది వేరే. యాప్‌లో చేరాలన్న షరతు వల్ల లాభం ఉందా, లేక అది మనుషుల్ని విసిగించి తప్పుకునేలా చేస్తోందా? ఫలానా డాక్టర్ల దగ్గరే అన్న నియమం వల్ల మధ్యలో మానేసేవాళ్లు తగ్గుతారా? ఇవి కంపెనీ తేల్చగల ప్రశ్నలు. వీటికి జవాబు రావాలంటే అర్హులైన వాళ్లందరినీ ఒక జాబితా చేసి, లాటరీతో సగం మందికి షరతుతో, సగం మందికి షరతు లేకుండా ఇవ్వాలి. లేదా డబ్బు చాలకపోతే సగం మందికి ఇప్పుడు, సగం మందికి ఆరు నెలల తర్వాత ఇవ్వాలి. ఏ అంకె ఎంత మారితే కొనసాగిస్తారో మొదలుపెట్టకముందే రాసి ఉద్యోగులకి చూపించాలి. టెస్ట్ కేసు ముందు రాసి కోడ్ తర్వాత రాయమని ల్యాబ్‌లో చెప్పేది ఇందుకే కదా.

"మందుకి లాటరీ ఏంటి, ఘోరం" అనిపించొచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ 2008లో ఆరెగాన్ రాష్ట్రం పేదల ఇన్సూరెన్స్‌లో కొత్తగా పదివేల మందికే చోటు ఉంటే, దాదాపు 90 వేల మంది పేర్లు ఇచ్చారు. లాటరీ తీశారు. మేనేజరుకి దగ్గరైనవాళ్లకో, ఫారం ముందు నింపినవాళ్లకో ఇవ్వడం కంటే అది న్యాయంగానే ఉంది. ఇన్సూరెన్స్ వల్ల మనుషులకి ఏమవుతుంది అన్నదాని మీద మనకున్న గట్టి ఆధారాల్లో కొన్ని అందులోంచే వచ్చాయి. ఎలాగూ అందరికీ ఇవ్వలేనప్పుడు ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి లాటరీ కంటే నిజాయితీగల పద్ధతి నాకు కనపడలేదు.

ఒక్క సంవత్సరంలో ఏం తెలుస్తుంది

కంపెనీ ఇన్సూరెన్స్ సంవత్సరం లెక్కన నడుస్తుంది కాబట్టి పైలట్ కూడా సంవత్సరమే. గుండె మాత్రం ఆర్థిక సంవత్సరం చూసుకుని పనిచేయదు.

సెలెక్ట్ అనే పెద్ద పరీక్షలో, ముందే గుండె జబ్బు ఉండి బరువు ఎక్కువున్న, షుగర్ లేని 17,604 మందిని సగటున 40 నెలలు గమనించారు. గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో మరణం కలిపి చూస్తే ఉత్తుత్తి సూది గుంపులో 8.0 శాతం, సెమాగ్లూటైడ్ గుంపులో 6.5 శాతం. చాలా మంచి ఫలితం. దీని ఆధారంగానే 2024 మార్చిలో గుండె రక్షణ కోసం కూడా వెగోవీకి అనుమతి ఇచ్చారు.

ఇప్పుడు దీన్ని అకౌంట్స్ వాళ్ల కళ్లతో చూద్దాం. తేడా వందకి ఒకటిన్నర. అంటే ఒక్క ప్రమాదం తప్పించడానికి దాదాపు 67 మందికి 40 నెలలు మందు ఇవ్వాలి. మన 700 డాలర్ల లెక్కన దాదాపు 18 లక్షల 76 వేల డాలర్లు. ఒక గుండెపోటు వైద్యానికి అంత ఖర్చు కాదు. పైగా ఈ అంకె ముందే గుండె జబ్బు ఉన్నవాళ్లది. ముప్పై ఏళ్ల ఉద్యోగులకి ప్రమాదమే తక్కువ కాబట్టి లెక్క ఇంకా పెరుగుతుంది. మోకాళ్ల నొప్పి, నిద్రలో ఊపిరి ఆగడం, షుగర్ రాకుండా ఉండటం లాంటివి నేను కలపలేదు, కలిపితే కొంత తగ్గుతుంది. అయినా "ఈ మందు తన ఖర్చు తనే రాబట్టుకుంటుంది" అని పైలట్ స్లైడ్‌లో రాస్తే నేనైతే నమ్మను.

మరి ఇవ్వకూడదా? ఇక్కడే నాకు కోపం వచ్చేది. అపెండిక్స్ ఆపరేషన్ చేయించుకున్న ఉద్యోగిని "నీ ఆపరేషన్ వల్ల కంపెనీకి ఎంత మిగిలింది" అని ఎవరైనా అడుగుతారా? కేన్సర్ మందు తన ఖర్చు తనే రాబట్టుకోవాలని ఎవరైనా అంటారా? జబ్బుకి వైద్యం కాబట్టి, మనిషి బాగుంటాడు కాబట్టి ఖర్చు పెడతాం. స్థూలకాయం దగ్గరికి వచ్చేసరికి మాత్రం లాభం చూపించు అంటాం. లోపల ఎక్కడో "నీ తప్పే కదా" అన్న మాట ఉంది కాబట్టే ఈ ప్రత్యేక పరీక్ష.

ఇంకో లెక్క కూడా ఉంది. అమెరికాలో ఒక ఉద్యోగి ఒకే యజమాని దగ్గర పనిచేసిన కాలం 2024 జనవరి నాటికి మధ్యస్థంగా 3.9 సంవత్సరాలు. సెలెక్ట్ పరీక్ష గమనించింది మూడేళ్ల నాలుగు నెలలు. మందు ఫలం కనపడే సమయానికి మనిషి ఇంకో కంపెనీలో ఉంటాడు. ఖర్చు పెట్టినవాడు ఒకడు, లాభం పొందేవాడు ఇంకొకడు. అందుకే ఏ ఒక్క కంపెనీ పైలటూ దీన్ని పూర్తిగా తేల్చలేదు. అసలు తాళంచెవి ధర దగ్గర ఉంది. 2025 నవంబర్‌లో అమెరికా ప్రభుత్వం ఈ రెండు కంపెనీలతో మాట్లాడి, వృద్ధుల ఇన్సూరెన్స్ అయిన మెడికేర్‌కి నెలకి 245 డాలర్ల ధర ఒప్పించింది. ఆ ధర పెడితే పైన నా లెక్క 18 లక్షల నుంచి ఆరున్నర లక్షలకి పడుతుంది. ఏ యాప్ షరతూ చేయలేని పని ధర ఒక్కటే చేసింది.

సంవత్సరం అయ్యాక ఏంటి

అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టేది ఇది. మొదట చెప్పిన 68 వారాల పరీక్షలో కొంతమందిని మందు ఆపేశాక కూడా ఒక సంవత్సరం గమనించారు. తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగి వచ్చేసింది. బీపీ మందులాగే ఇది కూడా, వాడినంతకాలమే పనిచేస్తుంది.

ఫీచర్ బాగోకపోతే పాత వెర్షన్‌కి వెళ్లిపోతాం. యూజర్‌కి రెండు రోజులు చిరాకు, అంతే. పన్నెండు నెలలు సూది వేసుకుని ఇరవై కేజీలు తగ్గిన మనిషికి పదమూడో నెల నుంచి "పైలట్ అయిపోయింది, థ్యాంక్యూ" అంటే ఆ మనిషి పాత వెర్షన్‌కి వెళ్లడు. తిరిగొచ్చే ఆకలితో, తిరిగొచ్చే బరువుతో, "మళ్లీ లావెక్కావేంటి" అని అడిగే చుట్టాలతో ఒక్కడే మిగులుతాడు.

నార్త్ కరోలినా వాళ్లు మొదట ఈ మాట ఆలోచించారు. 2023 అక్టోబర్‌లో, కొత్తవాళ్లకి ఆపుదాం, ఇప్పటికే వాడుతున్నవాళ్లకి కొనసాగిద్దాం అని తీర్మానించారు. కానీ అలా పరిమితి పెడితే తయారీదారు నుంచి వచ్చే రిబేట్, దాదాపు 5.4 కోట్ల డాలర్లు, పోతుందని తేలింది. 2024 జనవరిలో అందరికీ ఆపేయాలని ఓటు వేశారు. తప్పు ఎవరిదని చెప్పడం కష్టం. పాఠం మాత్రం స్పష్టంగా ఉంది. ఎలా బయటికి వస్తామో మొదలుపెట్టకముందే తేల్చుకోవాలి, రిబేట్ కాగితంలో ఏముందో ముందే చదువుకోవాలి. ఒకసారి మొదలుపెట్టిన మనిషికి కనీసం రెండు మూడేళ్ల హామీ ఇవ్వలేని కంపెనీ తక్కువ మందితో మొదలుపెట్టాలి. వంద మందికి ఒక సంవత్సరం ఇవ్వడం కంటే ముప్పై మందికి మూడేళ్లు ఇవ్వడం మేలు.

గీత ఎక్కడ గీస్తారు

మా పెద్దమ్మ కూతురు డాలస్‌లో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. వాళ్ల కంపెనీలో పోయిన సంవత్సరం ఇలాంటి పైలటే పెట్టారు. బీఎంఐ 35 దాటాలి. అక్క బీఎంఐ 29. మూడు నెలల షుగర్ 6.3, అంటే షుగర్ వాకిట్లో నిలబడి ఉంది. పెద్దమ్మకి నలభై ఏళ్లకే షుగర్ వచ్చింది, పెద్దనాన్నకి బైపాస్ అయింది.

"ఏరా, నేను ఇంకో పదిహేను కేజీలు పెరిగితే అప్పుడు సన్నబడటానికి మందిస్తారట" అని ఫోన్‌లో నవ్వింది.

"మరి డాక్టర్ ఏమన్నారక్కా?"

"రాయమంటే రాస్తానంది. ఇన్సూరెన్స్ ఇవ్వదని కూడా తనే చెప్పింది. నడవమంది. నడుస్తున్నాను."

బరువు మందుకి అమెరికా ప్రభుత్వ అనుమతిలోనే బీఎంఐ 30, లేదా బరువుతో వచ్చే జబ్బు ఏదైనా ఉంటే 27 అని ఉంది. ఖర్చు తగ్గించుకోడానికి కంపెనీ దాన్ని 35కి జరిపింది. చూడ్డానికి అందరికీ ఒకే రూలు. కానీ మన దక్షిణాసియా వాళ్లకి తక్కువ బరువులోనే పొట్ట దగ్గర కొవ్వు చేరుతుంది, షుగర్ త్వరగా వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లోనే ఆసియా వాళ్లకి 23 నుంచి జాగ్రత్త పడాలని చెప్పారు. అమెరికా డయాబెటిస్ అసోసియేషన్ కూడా ఆసియా మూలాలున్నవాళ్లకి 23 దాటితే షుగర్ పరీక్ష చేయమంటుంది. ఒకే గీత గీస్తే డాలస్‌లో ఉన్న తెలుగువాళ్లలో అవసరం ఉన్న చాలామంది గీతకి అవతలే ఉండిపోతారు. పైలట్ ఫలితాల్లో వాళ్లు లేరు కాబట్టి రేపటి రూల్లో కూడా ఉండరు. ట్రెయినింగ్ డేటాలో లేనివాళ్లని మోడల్ గుర్తుపట్టదు, మనకి తెలిసిన సంగతే.

మనకెందుకు ఇదంతా

నిజమే, అమెరికా కంపెనీల ఖర్చు గురించి మనకెందుకు అనొచ్చు. మూడు కారణాలు చెప్తాను.

ఒకటి, మన సీనియర్లలో ఎంతమంది ఎంఎస్‌కి వెళ్తున్నారో మీకే తెలుసు. వాళ్ల మొదటి ఉద్యోగంలో ఇన్సూరెన్స్ ఫారం నింపేటప్పుడు ఈ రూల్సే ఎదురవుతాయి.

రెండు, ఈ మందు ఇప్పటికే మన ఊరికి వచ్చేసింది. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ జూన్‌లో మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. సెమాగ్లూటైడ్ పేటెంట్ మన దేశంలో 2026 మార్చి వరకే. జెనరిక్ చేయడానికి సిద్ధమైన కంపెనీల్లో మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ ముందు వరసలో ఉంది. అవసరం కూడా ఉంది. హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధకులు పరీక్షిస్తే 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు, 71 శాతం మందికి స్థూలకాయం ఉన్నాయని 2025లో ప్రచురించారు. 345 మంది చిన్న గుంపే, ఐటీ అంతా ఇంతే అనలేం. కానీ అటువైపు కళ్లు మూసుకోలేం కూడా. మన దగ్గర కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఎక్కువగా ఆస్పత్రిలో చేరితేనే పనికొస్తుంది, నెల నెలా కొనే మందులకి జేబులోంచే పెట్టాలి. మందు చవకయ్యే కొద్దీ ఇక్కడి హెచ్‌ఆర్‌లు కూడా "వెల్‌నెస్ పైలట్" అని మెయిల్ పంపే రోజు దూరంలో లేదు.

మూడు, ఆ రూల్స్‌ని కోడ్‌గా రాసేది మనమే. ఎవరికి మందు ఇవ్వాలో వడపోసే వ్యవస్థలు నడిపే ఆప్టమ్‌కి హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసు ఉంది. ఎలీ లిలీ 2025 ఆగస్టులో గచ్చిబౌలిలో టెక్ సెంటర్ తెరిచింది. బీఎంఐ 35 దాటితే ట్రూ, లేకపోతే ఫాల్స్ అన్న ఒక్క లైను మనలో ఎవరో రాస్తారు. ఆ లైనుకి అవతల ఒక అక్క ఉంటుంది.

అందుకని నా మాట ఇది. ఉద్యోగిగా మెయిల్ వచ్చినా, డెవలపర్‌గా రిక్వైర్‌మెంట్ వచ్చినా నాలుగు ప్రశ్నలు అడగండి. ఎవరితో పోల్చి ఫలితం తేలుస్తారు? ఏ అంకె చూసి నిర్ణయిస్తారో ముందే రాశారా? గీత ఎవరి ఒంటిని చూసి గీశారు? పైలట్ అయిపోయిన మర్నాడు ఇప్పటికే మొదలుపెట్టినవాళ్ల సంగతి ఏంటి? మొదటి మూడింటికి జవాబు లేకపోతే అది డబ్బు వృథా. నాలుగోదానికి లేకపోతే ఆ పైలట్ మొదలుపెట్టకపోవడమే నయం.